కింది దిక్కుకు మొక్కు

రాజగృహంలో సిగాలుడనే యువకుడు తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటే, కింది దిక్కంటే నీ పనివాళ్లేనని బుద్ధుడు చెప్పాడు. వాళ్లకు యజమాని చేయాల్సినవి ఐదు: శక్తికి తగిన పని, కూడూ కూలీ, జబ్బు చేస్తే ఆదరణ, రుచైనది దొరికితే పంచుకోవడం, వేళకు సెలవు. కూలి ఇచ్చేస్తే సరిపోయిందనుకుంటాం గానీ, అది ఐదింట్లో ఒకటే!

జమ్మలమడుగులో బండలు మోసే మనిషి వయసు చూసి బరువు చెబుతున్నారా? పులివెందుల తోటలో చీనీకాయలు కోసిన కూలీ పిల్లలకు నాలుగు కాయలు పంపారా?

పనివాళ్లు ఇచ్చిందే తీసుకోవాలని, యజమాని మంచిపేరు నలుగురిలో చెప్పాలని కూడా సిగాలోవాద సుత్తంలో ఉంది. అయితే ముందు చెప్పింది యజమాని వంతే. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గుమాస్తా మీద నమ్మకం లేక ఇంకో కెమెరా పెట్టించే ముందు, పెండ్లిళ్ల కాలంలో అతను ఎన్ని రాత్రులు పిల్లలు నిద్రపోకముందే ఇల్లు చేరాడో కనుక్కోండి.