పిల్లికి అసూయ ఉంటుందా?

గోదావరికి వరద వచ్చిందంటే చింతూరు వాసులకు రెండు నదుల భయం పట్టుకుంటుంది. శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని ఊళ్ల మీదికి వస్తుంది. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఆ రోజుల్లో చింతూరు ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదిలి మెరక ప్రాంతాలకు వెళ్లాయి. వాటిలో నాకు పరిచయమున్న ఒక ముస్లిం కుటుంబం బియ్యం మూట, పత్రాల సంచితో పాటు ఒక పిల్లికూనను కూడా గంపలో పెట్టుకుని వెళ్లింది. పిల్లల ఏడుపు చూడలేక తీసుకెళ్లామని ఆ ఇంటి పెద్దావిడ తరువాత చెప్పారు.

నీరు తీశాక వారు తిరిగి వచ్చారు. బురద ఎత్తిపోసి, గోడలకు సున్నం వేయించారు. నానిపోయిన మంచాలు, చెక్క బీరువా తీసేసి కొత్తవి కొన్నారు. మరుసటి సంవత్సరం ఆ ఇంటి చిన్న కోడలికి ఆడబిడ్డ పుట్టింది. నేను ఒక నికాహ్ నిమిత్తం అటు వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి ఇలా అడిగారు:

“మౌలానా సాబ్, మా షేరూకు హసద్ పట్టింది. పసిదాన్ని చూసి ఓర్వలేకపోతోంది. ఊయల కోళ్ల మీద పోస్తుంది, కోడలు దగ్గరికి పోతే గుర్రుమంటుంది. మొన్న నా జానిమాజ్ కూడా తడిపేసింది. శైతాన్ ఆవహించిందని చుట్టుపక్కల వాళ్లు అంటున్నారు. సంచిలో కట్టి శబరి అవతల వదిలేసి వస్తానంటున్నాడు మా అబ్బాయి. గునాహ్ అవుతుందా?”

ఆమె అడిగింది వదిలేయడం గురించే. కాని ఆ ప్రశ్నకు ముందే ఒక తీర్పు జరిగిపోయింది. పిల్లి అసూయపరురాలని, అంటే నేరస్థురాలని అందరూ తేల్చేశారు. శిక్ష సంగతి మాత్రమే నా దగ్గరకు వచ్చింది. కాబట్టి ముందుగా ఆ తీర్పునే పరిశీలించవలసి వచ్చింది.

అసూయ (హసద్) అంటే ఏమిటో మన ధర్మవేత్తలు స్పష్టంగా చెప్పారు. ఎదుటివానికి దక్కిన అనుగ్రహం వాని నుండి పోవాలని కోరుకోవడమే హసద్. అటువంటిది తనకూ లభించాలని మాత్రమే కోరుకుంటే అది హసద్ కాదు. ఇమామ్ గజాలీ (రహ్మ) ఈ తేడాను విపులంగా చర్చించారు. హసద్ ఎందుకు అంత పెద్ద పాపమయింది? అసూయపరుడు పైకి తోటి మనిషిని ద్వేషిస్తున్నట్లు కనిపించినా, లోలోపల పంచిపెట్టిన ప్రభువు పంపకాన్నే తప్పుపడుతున్నాడు గనుక. ఇది పాపం కావాలంటే అనుగ్రహమంటే ఏమిటో, దాన్ని ఇచ్చినవాడెవరో గ్రహించే బుద్ధి ఉండాలి. షరీఅత్ బాధ్యత (తక్లీఫ్) మోపింది ఆ బుద్ధి ఉన్నవారి మీదనే. నిద్రపోయేవాని నుండి, పసివాని నుండి, మతి లేనివాని నుండి కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. మనిషి బిడ్డకే లేని లెక్కను పిల్లికి ఎలా కడతాం?

ఇక్కడ చదువుకున్న సోదరులు ఒక ఆక్షేపణ తీసుకురావచ్చు. ప్రళయదినాన కొమ్ములున్న గొర్రె నుండి కొమ్ములు లేని గొర్రెకు కూడా ప్రతీకారం ఇప్పించబడుతుందని సహీహ్ ముస్లిం హదీసులో ఉంది కదా, మరి జంతువులకూ విచారణ ఉన్నట్లే కదా అని. ఇమామ్ నవవీ (రహ్మ) దీనికి జవాబిచ్చారు. అది ఆజ్ఞను ధిక్కరించినందుకు పడే శిక్ష కాదు, జరిగిన దానికి సరిసమానంగా తీర్చడం మాత్రమే. నాకు ఈ హదీసులో మరో సంగతి కూడా కనిపిస్తుంది. జంతువు చేసిన హాని హాని కాకుండా పోదు. పసిబిడ్డ ముఖం మీద గోరు పడితే, పిల్లి నిర్దోషి అని చెప్పినంత మాత్రాన గాయం మానదు. కనుక ఊయలకు దోమతెర కట్టాలి. బిడ్డ పడుకున్న గది తలుపు వేయాలి. పిల్లిని, బిడ్డను ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలరాదు. పిల్లిని నిందించకపోవడం వేరు, బిడ్డ విషయంలో నిర్లక్ష్యం వేరు.

అయితే షేరూ అలా ఎందుకు చేస్తున్నట్లు? కుక్క మనిషిని అంటిపెట్టుకుంటే పిల్లి ఇంటిని అంటిపెట్టుకుంటుందని మన పెద్దలంటారు. ఇందులో కొంత నిజముంది. పిల్లి తన బుగ్గలను తలుపు చెక్కకు, మంచం కోడుకు, మన కాళ్లకు రుద్దుతుంది. మనం దాన్ని ముద్దు అనుకుంటాం. నిజానికి దాని బుగ్గల దగ్గరి గ్రంథుల వాసనను అది అక్కడ అంటిస్తుంది. ఆ వాసన ఉన్నంత మేరా దానికి భయం లేని చోటు. వరద ఆ వాసనలన్నిటినీ కడిగేసింది. మిగిలినవాటిని సున్నం కప్పేసింది. ఆపైన కొత్త బీరువా వచ్చింది, కొత్త ఊయల వచ్చింది, పాలవాసన గల కొత్త ప్రాణి వచ్చింది. అంతవరకు అది పడుకున్న కోడలి మంచం మీదికి రానివ్వడం మానేశారు. ఇక వరదనాటికి కూనగా ఉన్న షేరూ ఇప్పుడు ఎదిగిన గండుపిల్లి. చెదిరిపోయిన ఇళ్ల పిల్లులు రాత్రివేళ పెరట్లో తిరుగుతుంటాయి. ఇంత భయంలో అది తోక నిలబెట్టి ఊయల కోడు మీద చిమ్ముతున్నదంటే, ఈ చోటు నాది అని మళ్లీ రాసుకుంటున్నదన్నమాట. జానిమాజ్‌ను అవమానించాలని దానికెందుకుంటుంది? ఆ ఇంట్లో రోజూ ఒకే చోట పరచబడే, మనిషి వాసన గాఢంగా ఉండే గుడ్డ అదే మరి!

పిల్లులకు మనలాంటి అసూయ ఉందా లేదా అన్న దానిపై జంతువుల మనస్తత్వాన్ని పరిశీలించేవారిలో కూడా ఏకాభిప్రాయం లేదు. ఉన్నదల్లా చోటు పోతుందన్న కలవరం. దాన్ని మనం మన లోపలి జబ్బు పేరుతో పిలుస్తున్నాం. శైతాన్ ఆవహించిందనడం, అపశకునమనడం ఇంకా ఘోరం. శకునాలను ఇస్లాం నిరాకరించింది. పిల్లి మీ చుట్టూ తిరిగే ప్రాణుల్లోనిది, అశుద్ధం కాదని దైవప్రవక్త (సఅసం) చెప్పిన మాటను హజ్రత్ అబూ ఖతాదా (రజి) తమ కోడలికి వినిపించారు. అప్పుడు ఆయన తమ వుజూ నీటి పాత్రను ఒక పిల్లి తాగడానికి వీలుగా వంచి పట్టుకుని ఉన్నారు.

దివ్యఖుర్‌ఆన్ నమ్ల్ సూరాలోని హజ్రత్ సులైమాన్ (అలై) వృత్తాంతం మనకందరికీ తెలిసిందే. పక్షుల కొలువులో హుద్‌హుద్ కనిపించలేదు. ఆయనకు కోపం వచ్చింది. కఠినంగా శిక్షిస్తానన్నారు, కోసివేస్తానని కూడా అన్నారు. కాని వెంటనే ఒక మినహాయింపు పెట్టారు, అది స్పష్టమైన కారణం చూపకపోతేనే అని. హుద్‌హుద్ వచ్చి సబా దేశపు వార్త చెప్పింది. దానికైనా ఆయన వెంటనే తలూపలేదు, నిజమో అబద్ధమో చూద్దామన్నారు. పిట్ట భాష తెలిసిన ప్రవక్త ఒక పిట్ట కారణం వినేదాకా ఆగారు. పిల్లి భాష తెలియని మనం మరింత ఆగాలి కదా! మన విషయంలో కారణం వినడమంటే చూడడమే. ఎక్కడ తడుపుతోంది, ఎప్పుడు తడుపుతోంది, నిలబడి చిమ్ముతోందా, కూర్చుని పోస్తోందా అని చూడాలి. మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, చుక్క చుక్క పోస్తూ అరుస్తుంటే అది పౌరుషం కాదు, జబ్బు. గండుపిల్లికి మూత్రం పూర్తిగా బంధిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అలాంటి పిల్లిని అసూయ అని కొట్టిన ఇంటివారు అల్లాహ్ సమక్షంలో ఏమని జవాబిస్తారు?

బాధించే పిల్లినైనా కొట్టకూడదు, చెవి మెలిపెట్టకూడదు అని ఫతావా ఆలంగీరీలో ఉంది. ప్రయోజనం కోసం గాని, బాధను తప్పించడానికి గాని పిల్లికి వృషణాలు తీయించడంలో దోషం లేదని కూడా అందులోనే ఉంది. చిమ్మే అలవాటు చాలా గండుపిల్లుల్లో దీనితో తగ్గిపోతుంది. ఇది సృష్టిని మార్చడం కాదా అని కొందరు సందేహిస్తారు. హనఫీ ఫుఖహా జంతువుల విషయంలో ప్రయోజనాన్ని చూసి అనుమతించారు. రోడ్డున పడేయడం కన్నా ఇది ఎంతో మేలని నా అభిప్రాయం.

శుద్ధి విషయం కూడా చెప్పాలి. పిల్లి మూత్రం నజాసతే. తడిసిన జానిమాజ్‌ను మూడుసార్లు ఉతికి, ప్రతిసారీ పిండాలి. మట్టినేల అయితే ఎండిపోయి, వాసన, మరక పోతే అక్కడ నమాజు చేయవచ్చు, తయమ్ముమ్ మాత్రం చేయరాదు. కడగడానికి సబ్బునీరు వాడండి. ఫినాయిల్ పిల్లులకు విషం.

ఇక వదిలేయడం. పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేల మీది పురుగూ పుట్రా తిననివ్వడానికి వదలనూ వదలక చంపిన స్త్రీ నరకానికి పోయిందని హదీసు ఉంది. వదిలితే పోయేది కదా అని ఆ ఇంటి అబ్బాయి వాదించాడు. ఆ మాట తోసిపుచ్చదగినది కాదు. కాని హదీసులోని వదలడం అంటే అది తన తిండి తాను వెదుక్కోగల చోట వదలడం. ఇంటి అన్నం తిని పెరిగిన పిల్లిని సంచిలో కట్టి, కుక్కలు తిరిగే, దారి తెలియని అవతలి ఒడ్డున విదిలించడాన్ని దానితో సమానమని నేను చెప్పలేను. పెంచే స్తోమత నిజంగా లేకుంటే సాకుతామనే ఇంటికి ఇవ్వండి. నీళ్లొచ్చినప్పుడు గంపలో పెట్టుకుని వచ్చారంటే దాని బాధ్యత మీరు తీసుకున్నట్లే అన్నాను. అతడు మాట్లాడలేదు.

ఆ ఇంట్లో ఇంకొకరున్నారు. పెద్ద కోడలి కొడుకు, ఏడేళ్లవాడు. చెల్లెలు పుట్టాక వాడు కూడా మొండికేస్తున్నాడట. “ఈ పిల్లి కూడా నీలాగే” అని ఇంట్లోవాళ్లు నవ్వేవారు. నేనున్నంత సేపూ వాడు గుమ్మం దగ్గరే నిలబడి పిల్లికి ఏం శిక్ష వేస్తారా అని వింటూ ఉన్నాడు. తన తీర్పు కూడా అక్కడే జరుగుతోందని వాడికి తెలుసు. అప్పుడు ఆ పెద్దావిడకు సహీహ్ బుఖారీలోని సంఘటన చెప్పాను. దైవప్రవక్త (సఅసం) ఒక సతీమణి ఇంట ఉండగా మరో సతీమణి భోజనపు పళ్లెం పంపారు. ఆ ఇంటి సతీమణి పళ్లెం తెచ్చినవారి చేతి మీద కొట్టారు, పళ్లెం కిందపడి పగిలింది. ఆయన (సఅసం) కోప్పడలేదు. ముక్కలు ఏరారు, ఒలికిన ఆహారం పోగుచేశారు, మీ అమ్మకు గైరత్ వచ్చిందని అక్కడున్న వారితో అన్నారు. పగిలిన పళ్లానికి బదులు మంచి పళ్లెం ఇచ్చి పంపారు. నష్టం భర్తీ అయింది, మనిషి గౌరవమూ నిలిచింది.

కొన్ని నెలల తరువాత ఆ పెద్దావిడ ఫోన్ చేశారు. షేరూకు పశువైద్యుడు ఆపరేషన్ చేశాడట. వంటగది మూల పాత శాలువా పరిచి దానికొక చోటు ఇచ్చారట, ఆ శాలువాను ఉతకడం లేదట. చిమ్మడం చాలా వరకు తగ్గింది, ముసురు పట్టినప్పుడు మాత్రం ఒకటి రెండుసార్లు చేస్తుంది. జానిమాజ్ మడిచి అలమరలో పెడుతున్నారు. సాయంత్రం దానికి అన్నంలో చేపముక్క కలిపి పెట్టే పని ఆ ఏడేళ్లవాడిదే. “చెల్లిని కూడా ఊపుతున్నాడా?” అని అడిగాను. “బుద్ధి పుట్టినప్పుడు” అన్నారావిడ.