కొలతకు మించి

మా వాడికి కొత్త మదర్ బోర్డు కావాలిట!

"ఉన్నదానికేమొచ్చిందిరా?" అన్నాను, పప్పులో తిరగమోత వేస్తూ.

"దానికేం కాలేదమ్మా. దాని మీద ఓవర్‌క్లాక్ చేసేదానికి కుదరదు" అన్నాడు, అడక్కుండా ఉంటే బాగుండునన్నట్టు మొహం పెట్టి.

నేను చదివింది బి.ఏ. చరిత్ర. కంప్యూటరు పెట్టె లోపల ఏముంటుందో ఏనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు. కానీ డబ్బులు నా పోపులపెట్టెలోంచి రావాలి గనుక, నాకు అర్థమయ్యేట్టు చెబితేనే ఇస్తానని భీష్మించుకు కూర్చున్నాను.

వాడు చెప్పినదాంట్లో నాకు బోధపడింది ఇదీ. ప్రాసెసర్ అనేది కంప్యూటరుకు బుర్ర లాంటిది. ఇంత వేగంతో పనిచేస్తుందని కంపెనీవారు దానికో కొలత రాసిస్తారు. ఆ కొలతకు మించి పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. అందుకు ఏ బోర్డు పడితే ఆ బోర్డు పనికిరాదు. ఇంటెల్ వారిదైతే సాధారణంగా ప్రాసెసర్ పేరు చివర 'కె' అక్షరం, బోర్డు మీద 'జెడ్' రకం చిప్‌సెట్ ఉండాలి. ఏఎండీ వారిదైతే 'బి', 'ఎక్స్' రకాల బోర్డులు ఒప్పుకుంటాయి, చవకరకం 'ఏ' బోర్డులు ఒప్పుకోవు. అన్నిటికంటే ముఖ్యం, ప్రాసెసర్ పక్కన ఉండే కరెంటు సరఫరా ఏర్పాటు. 12 వోల్టుల కరెంటును ఒక వోల్టు చిల్లరకు దించి, తడబడకుండా అందించాలి అది. ఆ బరువును ఎన్ని భాగాలు పంచుకుంటే అంత నిదానంగా మోస్తాయి. వాటి నెత్తిన వేడిని లాగేసే లోహపు దిమ్మలు ఉండాలి.

"అంటే పరుగెత్తేది ఒకరూ, మోసేది ఇంకొకరూనా?" అన్నాను.

"అంతేనమ్మా."

దానికి మదర్ అని పేరెందుకు పెట్టారో అప్పుడర్థమైంది నాకు!

నవ్వులాటకు అన్నానే గానీ, 'కొలతకు మించి' అన్న మాట మాత్రం మనసులో తిరుగుతూనే ఉంది. ఎందుకంటే ఆ సాయంత్రమే నేను ఆత్మకూరు వెళ్లవలసి ఉంది.

మా ఆడపడుచు కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. పదో తరగతిలో దానికి మంచి మార్కులు వచ్చినప్పుడు, "ఇక్కడుంటే దాని తెలివి మట్టిలో కలుస్తుంది, దూరమైనా సరే పెద్ద కాలేజీలో వెయ్యండి" అని అందరికంటే గట్టిగా చెప్పింది నేనే. పొద్దున అయిదింటికి లేస్తే రాత్రి పదకొండు దాకా చదువే. వారం వారం పరీక్షలు, పరీక్షను బట్టి ర్యాంకులు, ర్యాంకును బట్టి సెక్షన్లు. ఒకనాడు పిల్ల క్లాసులోనే కళ్లు తిరిగి పడిపోతే ఇంటికి పంపించారు. పదిహేను రోజులైంది. "మళ్లీ పంపమంటావా, మానిపించమంటావా? నువ్వే చెప్పాలి వదినా" అని ఆడపడుచు ఫోను. వెయ్యమన్న నోరు నాదే కదా!

ఉదయగిరిలో బస్సెక్కాం. మా వాడూ తోడొచ్చాడు. దారి పొడుగునా వాణ్ణి వదల్లేదు నేను.

"కంపెనీవాడికంటే నీకెక్కువ తెలుసా? వాడు రాసిన కొలతను దాటడం తప్పు కాదూ?"

వాడొక కథ చెప్పాడు. 1998లో ఇంటెల్ వారు సెలెరాన్ 300ఏ అని ఒక చవక ప్రాసెసర్ తెచ్చారట. 300 మెగాహెర్ట్‌జ్ అని రాసి అమ్మారు. తీరా చూస్తే చాలామంది చేతుల్లో అది 450 మీద హాయిగా నడిచింది. అంటే ఆ శక్తి దానిలో మొదటినుంచీ ఉంది. చీటీ మీద తక్కువ రాశారు, అంతే!

నా ప్రాణం లేచి వచ్చింది. ఇలాంటి చీటీలు మన ఆడవాళ్లకు తెలియనివా? 'ఆడపిల్లకు ఇంత చదువు చాలు', 'దీనికి లెక్కలు రావు', 'ఇది గడప దాటి బతకలేదు'... నాకు మా ఇంట్లో రాసిన చీటీ బి.ఏ. వరకే. అది దాటి కలం పట్టిననాడు మెచ్చుకున్నవాళ్లెవరూ లేరు. ఎదుటివారు రాసిందే మన కొలత అనుకుంటే ఏ ఆడదీ ఒక్క అడుగు ముందుకు వేసి ఉండేది కాదు. ఆ పిల్లను పెద్ద కాలేజీలో వెయ్యమన్నప్పుడు నా ఉద్దేశమూ ఇదే.

అయితే మరి తప్పెక్కడ జరిగింది?

"ఆ రోజులు పోయినాయిలే అమ్మా" అన్నాడు మా వాడు. ఇప్పటి ప్రాసెసర్లు వీలున్నప్పుడల్లా తమంతట తామే వేగం పెంచుకుంటాయట. ఇక పైన మిగిలేది బహు తక్కువ. ఆ కాస్త కోసం వోల్టేజి పెంచాలి. వేగం పదోవంతు, వోల్టేజి పదోవంతు పెంచామనుకోండి, వేడి పదోవంతుతో ఆగదు, ఇంచుమించు మూడోవంతు పెరుగుతుంది. పగలంతా ఎండ తాగిన దుర్గం కొండ రాత్రి దాన్ని మా మీదికి వదిలే ఊరాయె మాది! డిసెంబరులో నిక్షేపంగా నడిచింది కాస్తా రోహిణి కార్తెలో చతికిలబడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇంటెల్ వారి 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఉన్నట్టుండి తడబడి ఆగిపోతున్నాయని 2024లో పెద్ద గొడవైంది. మోతాదు మించిన వోల్టేజి వాటిని లోపల్లోపలే దెబ్బతీసిందని తేలింది. కంపెనీవారు దిద్దుబాటు ఇచ్చారు, గ్యారంటీ మరో రెండేళ్లు పొడిగించారు. కానీ అప్పటికే దెబ్బతిన్నవాటిని ఆ దిద్దుబాటు బాగుచెయ్యలేదని వారే చెప్పారు.

'లోపల్లోపలే' అన్న మాట దగ్గర నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

"మరి అంత వేడెక్కితే కాలిపోదుట్రా?" అన్నాను కాసేపటికి.

"అంతదాకా రానియ్యదమ్మా. నూరు డిగ్రీల దగ్గరికొస్తే తనే వేగం తగ్గించుకుంటది. అప్పటికీ వేడి ఎక్కతానే ఉంటే ఆగిపోతది. ఇంక నావల్ల కాదని చెప్పేదానికి దానికొక దోవ పెట్టుండారు."

అదిగో, నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. యంత్రానికి పెట్టిన ఆ పాటి దోవ మనం మన పిల్లలకు పెట్టామా? నావల్ల కాదనడం పెంకితనమని, సోమరితనమని ఉగ్గుపాలతో నేర్పాం. ఆడపిల్లకైతే మరీను! 'ఇంత డబ్బు పోశారు, అత్త అంత నమ్మకం పెట్టుకుంది' అని ఆ పిల్ల పళ్ల బిగువున ఓర్చుకుంది. చివరికి కళ్లు తిరిగి పడిపోవడం ఒక్కటే దానికి మిగిలిన మాట.

కొలత దాటడం తప్పనను. కానీ దాటాలని నిర్ణయించేదెవరు, వేడిని భరించేదెవరు? నేను కలం పట్టిననాడు ఆ రెండూ నేనే. చాలనుకుంటే కలం కింద పెట్టే హక్కూ నాదే. నిర్ణయం ఒకరిదీ, మాడిపోయేది ఇంకొకరూ అయినప్పుడు, దానికి ప్రోత్సాహమని ఎంత మంచి పేరు పెట్టినా అది అన్యాయమే. మీరే చెప్పండి, కాదంటారా?

ఆత్మకూరు చేరేసరికి దీపాలు పెట్టారు. పిల్ల వసారాలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ఆడపడుచు నా మొహం వంక చూస్తోంది, తీర్పు కోసం.

నేను పిల్ల పక్కన కూర్చుని, "నువ్వేం చేద్దామనుకుంటున్నావమ్మా?" అన్నాను.

అది ముందు వాళ్లమ్మ వైపు చూసింది. తర్వాత చాలాసేపు నేల వైపు చూసింది.

"చదువుతానత్తా. అక్కడ కాదు, ఇక్కడే ఉండి. ఎంట్రెన్సుకు ఒక ఏడు ఎక్కువ పట్టినా పట్టనీ."

"అయ్యో, ఏడాదంతా?" అంది ఆడపడుచు.

"కృష్ణదేవరాయలంతటివాడికే మా ఉదయగిరి కోట పట్టడానికి 1513 నుంచి 14 దాకా ఏణ్ణర్ధం పట్టిందమ్మా" అన్నాను. చదివిన బి.ఏ. ఎక్కడో అక్కడ అక్కరకు రావాలి కదా! పిల్ల ఫక్కున నవ్వింది.

"ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"ఎవరూ అడగలేదు గదత్తా!"

దానికి నా దగ్గర జవాబు లేదు.

తిరుగు బస్సులో మా వాడు మెల్లిగా గొణిగాడు. "మరి నా బోర్డు?"

"మద్రాసు వెళ్లినప్పుడు రిచీ స్ట్రీటులో చూద్దాం. బరువు నిదానంగా మోసేది చూసి తీసుకో. పరుగు సంగతి ఆ తర్వాత" అన్నాను.