ముందు పాస్, ఆ తర్వాతే షాట్

అమ్మడూ,

నిన్ను స్కూలు వాలీబాల్ జట్టులోకి తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. వెంటనే ఇంకో సంగతీ చెప్పింది. షాట్ కొట్టడం తప్ప ఇంకేమీ నేర్చుకోనని మారాం చేస్తున్నావట. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని పెట్టేస్తావని తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

షాట్ మోజు నీ ఒక్కదానికే కాదులే. సంక్రాంతికి పల్లెల్లో జరిగే పోటీలు చూడు. ఈలలూ కేకలూ అన్నీ పైకి ఎగిరి కొట్టినవాడికే. వాడికి బంతి లేపి ఇచ్చిన లిఫ్టర్ పేరు ఎవరూ అడగరు. ఆ లిఫ్టర్ నెత్తి మీదికే బంతిని పంపిన వెనక వరస కుర్రాడి సంగతి సరేసరి. ఆట తెలిసినవాళ్ళు మాత్రం ముందు వాణ్ణే చూస్తారు. మన వైపు వచ్చిన బంతిని మూడుసార్లే తాకనిస్తారు కదా, మొదటిది చెడిందంటే మిగతా రెండూ దాన్ని సర్దుకోవడానికే అయిపోతాయి. ఇక షాట్ ఎక్కణ్ణించి వస్తుంది?

కాబట్టి ముందు అండర్‌హ్యాండ్. ఒక అరచేతిలో రెండో చెయ్యి పెట్టి, బొటనవేళ్ళు రెండూ పక్కపక్కన సమంగా ఉంచి, మణికట్లు కిందికి వంచు. మోచేతులు వాటంతటవే బిగుసుకుంటాయి. బంతి తగలాల్సింది మణికట్టుకు కాస్త పైన, ముంజేతుల మీద చదునుగా ఉండే చోట. బొటనవేళ్ళ మీద పడిందా, ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. చేతులు మాత్రం ఊపకు. కొత్తవాళ్ళు బంతి మీదికి వచ్చేదాకా కదలకుండా నిలబడి, ఆఖరి క్షణంలో చేతులు విసురుతారు. అది వెళ్ళి పక్క కోర్టులో పడుతుంది. గట్టి సర్వీసుకు నువ్వు బలం ఇవ్వక్కర్లేదు, దానికున్న బలం చాలు. నువ్వు చేయాల్సిందల్లా మోకాళ్ళు వంచి, చిన్న చిన్న అడుగులతో బంతికి ఎదురుగా చేరడం, ముంజేతులు లిఫ్టర్ వైపు ఉండేట్టు చూసుకోవడం. మెల్లగా వచ్చే బంతికైతే మోకాళ్ళ నుంచి లేస్తే సరిపోతుంది. మొదట్లో ముంజేతులు ఎర్రగా కందుతాయి. మీ అమ్మ కంగారుపడి కొబ్బరినూనె రాస్తుంది, రాయనీ.

ఇంటి వెనక గోడ ఉంది కదా, దాని మీద 2.24 మీటర్ల ఎత్తున సుద్దతో గీత గియ్యి. ఆడపిల్లల ఆటలో నెట్ ఎత్తు పెద్దవాళ్ళకు అంతే, మగవాళ్ళకు 2.43. బడి పోటీల్లో వయసును బట్టి తగ్గిస్తారు గానీ నువ్వు పెద్ద ఎత్తుకే అలవాటు పడు. ఆ గీతకు పైన ఒకే చోట తగిలేలా అండర్‌హ్యాండ్‌తో కొడుతూ ఉండు. విసుగు పుడుతుంది. పుట్టినా మానకు.

అది చేతికి వచ్చాక లిఫ్టింగ్. నుదుటికి కాస్త పైన, నీళ్ళ చెంబును రెండు చేతులతో అందుకున్నట్టు వేళ్ళు విప్పి పెట్టు. బంతి వేళ్ళకు తగలాలి, అరచేతికి కాదు. ఒక్క క్షణం ఎక్కువ ఆపితే పట్టి విసిరావని రిఫరీ ఈల ఊదుతాడు. ఒక చెయ్యి ముందూ ఒక చెయ్యి వెనకా తగిలితే డబుల్ టచ్. బంతి గిరగిరా తిరుగుతూ పోయిందంటే చేతులు సమంగా పడలేదని నీకే తెలిసిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేను ముందు వరసలోనే నిలబడతాను, ఇవన్నీ నాకెందుకు" అంటావేమో. అది నీ చేతిలో లేదమ్మా. ఎదుటివాళ్ళ సర్వీసు మీద పాయింటు గెలిచిన ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే దిక్కున ఒక్కో స్థానం జరగాలి. ఇవాళ నెట్ దగ్గర ఉన్నదానివి కాసేపటికి వెనక మూలన సర్వీసుకు నిలబడతావు. వెనక వరసలో ఉన్నప్పుడు నెట్‌కు మూడు మీటర్ల దూరంలో ఉన్న గీత దాటి ముందుకొచ్చి, నెట్ కంటే ఎత్తున ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. కొట్టాలంటే ఆ గీత వెనక నుంచే ఎగరాలి. అంటే షాట్ ఒక్కటే వచ్చినదానివి సగం ఆటలో కోర్టులో ఉన్నా లేనట్టే లెక్క.

వెనక ఆటకే ఒక మనిషిని పెట్టుకోవచ్చని 1998లో అంతర్జాతీయ నిబంధనల్లోకి తెచ్చారు, తెలుసా? ఆ మనిషే లిబరో. వేరే రంగు జెర్సీ వేసుకుంటుంది, షాట్ కొట్టదు, బ్లాక్ చేయదు. బంతి నేల తాకకుండా చూడటమే ఆమె పని. మీ ఫిజికల్ ఎడ్యుకేషన్ టీచరు నిన్ను లిబరోగా ఆడమంటే ముఖం మాడ్చుకోకు. అది పొట్టివాళ్ళకు జాలిపడి ఇచ్చే చోటు కాదు.

అసలు ఈ ఆట పుట్టినప్పుడు నీ ముద్దుల షాట్ లేనే లేదు. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గన్ అనే వ్యాయామ శిక్షకుడు, బాస్కెట్‌బాల్ అంత పరుగు పెట్టలేని నడివయసు వాళ్ళ కోసం దీన్ని తయారుచేశాడు. ఎత్తి కొట్టే షాట్ ఆ తర్వాత 1916 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది.

సర్వీసు గురించి ఒక మాట. మా రోజుల్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది. సర్వీసు తప్పితే అవకాశం అవతలివాళ్ళకు పోయేది, అంతే. ఇప్పుడు ప్రతి బంతికీ పాయింటే. నాలుగు సెట్లు 25కి, అయిదోది 15కి, ఎప్పుడైనా రెండు పాయింట్ల తేడా ఉండాలి. నువ్వు సర్వీసు నెట్‌కు కొట్టావంటే పాయింటు ఊరికే ఇచ్చినట్టే. ఈల వేశాక ఎనిమిది సెకన్లు ఇస్తారు, తొందరపడకు. ముందు పడే సర్వీసు నేర్చుకో, పడగొట్టే సర్వీసు తర్వాత. నెట్‌కు తగిలి అవతల పడ్డా ఆట సాగుతుంది. గీత మీద పడింది లోపలే. వాదించకు, ఆ పని కెప్టెన్‌ది.

ఇంకోటి, బంతి నీదైతే గట్టిగా "నాది" అని అరువు. ఇద్దరు మంచి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడితే మధ్యలో బంతి పడటం ఎన్ని ఆటల్లో చూశానో! ఇంట్లో గొంతు పెంచొద్దంటారు గానీ కోర్టులో పెంచాల్సిందే.

ఆడపిల్లకు ఈ ఎగురుళ్ళేమిటని నాన్నమ్మ సణిగితే పి.వి. సింధు పేరు చెప్పు. వాళ్ళ అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళే. నాన్న పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన మన జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. సింధు ఆట నాన్నమ్మ టీవీలో చూసే ఉంటుంది, ఇక మాట్లాడదు.

సామాన్ల విషయానికొస్తే, జెర్సీ మీద పేరు అచ్చు వేయించే డబ్బుతో మోకాళ్ళకు ప్యాడ్లు కొనుక్కో. గోళ్ళు కత్తిరించు. గాజులు, చెవి రింగులు ఇంట్లోనే పెట్టి వెళ్ళు. బంతి బరువు 260 నుంచి 280 గ్రాములు, చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు ఉండాలి. గాలి రాయిలా కొట్టించకు, ముంజేతులు వాచిపోతాయి. మీ తమ్ముడు దాంతో ఫుట్‌బాల్ ఆడతానంటే ఇవ్వొద్దు, ఆకారం చెడిపోతుంది.

బూట్లు మాత్రం నేను కొంటాను. పరుగు బూట్లు కాదు, పక్కకు కదిలినప్పుడు మడమ తిరగనివి, అడుగున గమ్ సోల్ ఉన్నవి. సాయంత్రం పూట, సాక్సు వేసుకుని పాదం కొలిచి ఆ కొలత మీ నాన్నతో పంపించు.

మీ పెదనాన్న