పిడి మీద ఎవరి చెయ్యి

పాత కొయ్య సామాను బాగుచేయడం నా వృత్తి. ఉండేది పెన్సిల్వేనియాలో. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన అమెరికన్ సైనికుల ఇళ్లలో జర్మన్ పిస్టళ్లు ఇంకా ఉన్నాయి. మనవలు వాటిని తెచ్చి బల్లమీద పెట్టి, ‘ఈ పిడి చెక్కలు అసలువేనా?’ అని అడుగుతారు.

ఆనవాళ్లున్నాయి. పీ-08 ల్యూగర్‌కు గళ్లు చెక్కిన అక్రోటు చెక్కలుంటాయి. స్క్రూ విప్పి వాటిని తిరగేస్తాను. చాలావాటికి లోపలివైపు పిస్టల్ నంబరులోని చివరి రెండంకెలు కనిపిస్తాయి. నూనె ఇంకిన మరక ఇనుప చట్రం ఆకారంలోనే ఉండాలి. ఎడమ చెక్కలో సేఫ్టీ మీట కోసం కోసిన చోట సన్నటి మూల ఒకటుంటుంది, ఇట్టే పెచ్చు లేస్తుంది. అరచెయ్యి ఆనేచోట గళ్ల మొనలు అరిగి, అంచుల్లో ఇంకా పదునుగా ఉంటే నమ్ముతాను. అంతటా ఒకేలా అరిగితే అది గరుకు కాగితం చేసిన పని. 1941, 1942ల్లో మౌజర్ తయారుచేసిన కొన్ని ల్యూగర్లకు నల్ల బేకలైట్ పిడులున్నాయి. యుద్ధకాలపు వాల్తర్ పీ-38లకైతే అడ్డగాడుల బేకలైట్ పిడులే ఎక్కువ. దాన్ని బొటనవేలితో వేడెక్కేదాకా రుద్దితే ఘాటైన మందువాసన వస్తుంది.

పని ఇంతవరకే. నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న దీని తర్వాత మొదలవుతుంది. చెక్క మారిస్తే ఆ పిస్టల్ ఇంకా అదేనా?

మన వైశేషిక దార్శనికులు కాదంటారు. ఒక అవయవం, అంటే భాగం, పోతే పాత అవయవి, అంటే మొత్తం వస్తువు, నశించి మిగిలిన భాగాలతో కొత్తది పుడుతుందని వారి వాదం. బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిలింద రాజుకు చెప్పింది వేరు. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు. అన్నీ కలిసినచోట మనం పెట్టుకున్న పేరే రథం. రాత్రంతా వెలిగిన దీపంలో తొలిజాము జ్వాల, మలిజాము జ్వాల ఒకటి కావు, వేరూ కావు. ఒకదాన్నుంచి ఒకటి పుడుతూ వచ్చాయి. నా మనసు అటే మొగ్గుతుంది. అసలుదనమంటే లోపల దాగిన సారమేదో కాదు, తెగకుండా వచ్చిన కారణాల వరస.

ఇలా చూస్తే కొన్ని తీర్పులు తారుమారవుతాయి. అమెరికన్ సైనికులు కొందరు విమానాల కిటికీల ప్లెక్సిగ్లాస్ ముక్కను పిడిగా కోసి, దానికింద ప్రియురాలి ఫొటో పెట్టుకునేవారు. అలాంటి పీ-38 ఒకటి తెచ్చి, అది తీసేసి ‘ఒరిజినల్’ బేకలైట్ వేయమన్నాడొక కుర్రాడు. నేను ఒప్పుకోలేదు. ఫొటోలో నవ్వుతున్నది వాళ్ల నాయనమ్మ. ఆ పారదర్శకమైన ముక్క ఫ్యాక్టరీలో పుట్టకపోవచ్చు గానీ, వరసలో తన చోట తాను నిజంగా ఉంది. తీసేస్తే తెగేది ఆ వరసే.

‘ఒరిజినల్’ అనేవాళ్లు పూర్తిగా వెనక్కి వెళ్లరు కూడా. వాల్తర్ కంపెనీ హాంబర్గ్ దగ్గరి నాయెన్‌గామె నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత ఆయుధ భాగాలు చేయించింది. అసలు చెయ్యి ఎవరిదని వెతికితే, కాల్చినవాడి కంటే ముందు ఆకలితో యంత్రం దగ్గర నిలబడ్డవాడు ఎదురుపడవచ్చు. ఇనుముకు పాపం అంటుతుందని నేననుకోను; చేతన లేనిదానికి కర్మ లేదు. కానీ ఆ మనిషిని లెక్కలోకి తీసుకోకుండా దాన్ని ‘అసలుది’ అని ముచ్చటపడటం నావల్ల కాదు. తెచ్చినవాళ్లకు ఈ సంగతి చెబుతాను. కొందరు వినకుండానే ధర ఎంత పలుకుతుందో అడుగుతారు.

విరిగిన పిడికి బదులు కొత్తది కావాలంటే చేసిపెడతాను. లోపలివైపు చేసిన సంవత్సరం, నా పొడి అక్షరాలు చెక్కుతాను. టీ డికాషన్‌లో నానబెట్టి, మట్టి పట్టించి, పాతదానిలా చేయమంటే మాత్రం పిస్టల్ తిరిగి వాళ్ల చేతికిచ్చేస్తాను.