ఆశ పలికే కవిత – ఆసరా ఇచ్చే చేయి

కష్టకాలంలో ఉన్న మనిషికి నాలుగు కవితా పాదాలు ఏపాటి సాయం చేయగలవు? ఉదయించే సూర్యుడి బొమ్మ, రాతి పగులులో మొలిచిన మొక్క బొమ్మ, కింద ధైర్యం చెప్పే రెండు పంక్తులు – ఇలాంటివి నేడు మన గోడల మీద, క్యాలెండర్లలో, సెల్‌ఫోన్లలో విరివిగా కనిపిస్తున్నాయి. ఆపదలో ఉన్న బంధువులకు మనమూ వాటిని పంపిస్తుంటాం. అది నిజమైన ఓదార్పేనా? లేక మన బాధ్యత తీరిందనుకోవడానికి ఒక సాకా? ప్రతి విశ్వాసీ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఇస్లాం కవిత్వాన్ని పూర్తిగా తిరస్కరించలేదు. దివ్యఖుర్ఆన్‌లో 'అష్షుఅరా' (కవులు) అనే పేరుతో ఒక సూరాయే ఉంది. తాము చేయనిది చెప్పుకుంటూ, దారీతెన్నూ లేకుండా తిరిగే కవులను ఆ సూరా చివరి ఆయతులు విమర్శించాయి. ఆ వెంటనే విశ్వసించి, సత్కార్యాలు చేసి, అల్లాహ్‌ను అధికంగా స్మరించే వారిని మినహాయించాయి. అంటే దోషమంతా మాటకూ చేతకూ మధ్యనున్న అగాధంలోనే ఉందన్నమాట.

ఈ అగాధం లేని కవిత ఎలా ఉంటుందో కందక యుద్ధం చూపిస్తుంది. అది హిజ్రీ 5వ సంవత్సరం. మదీనాపైకి శత్రుసేనలు దండెత్తి వస్తున్నాయి. ఒకవైపు చలి, మరోవైపు ఆకలి. ఆ సమయంలో దైవప్రవక్త (స) స్వయంగా మట్టి మోస్తూ, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) చెప్పిన కవితా పాదాలను సహచరులతో కలసి పలికారు. ఆయన పొట్ట దుమ్ముతో నిండిపోయింది. గట్టు మీద కూర్చొని చెప్పిన ధైర్యం కాదది. అందుకే ఆ పాదాలు అలసిన చేతులకు బలాన్నిచ్చాయి.

"పోయినవారు తిరిగిరారు కదా! దుఃఖితుడికి ఆశ గురించి చెప్పడం అతన్ని మభ్యపెట్టడమే కదా!" అని కొందరు అడుగుతారు. దీనికి మన హైదరాబాదులోనే సమాధానం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి వేలాది మందిని బలిగొంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తన తల్లిని, భార్యను, కూతురిని కోల్పోయారు. ఆయన ఆ ఘోరాన్ని దాచిపెట్టలేదు, 'ఖయామతె సుగ్రా' అనే కవితలో దాన్నే వర్ణించారు. దైవంపై నమ్మకాన్ని పలికే రుబాయీలు రాసి పేరుగాంచిన కవి కూడా ఆయనే. నష్టాన్ని నష్టమని ఒప్పుకున్నాక కూడా ప్రభువు కారుణ్యాన్ని వదలకపోవడమే ఆశ. హజ్రత్ యాఖూబ్ (అలైహి) కుమారుడి కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. అయినా అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని తన బిడ్డలకు బోధించారు. కన్నీరు విశ్వాసానికి విరుద్ధం కాదు.

అయితే ఆశకూ భ్రమకూ తేడా ఉంది. మంచి నేలలో విత్తు వేసి, నీరు పెట్టి, ఆపైన దైవానుగ్రహం కోసం ఎదురుచూసే రైతుది ఆశ అనీ, ఏ విత్తూ వేయకుండా పంట కోసం చూసేవాడిది భ్రమ అనీ ఇమామ్ గజాలీ (రహ్మ) వివరించారు. మూసీ వరద తర్వాత కూడా ప్రజలు కన్నీళ్ళతో ఆగిపోలేదు. మళ్ళీ అలాంటి విపత్తు రాకుండా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు నిర్మాణమయ్యాయి.

హిజ్రీ 8వ సంవత్సరం మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వారి కోసం భోజనం సిద్ధం చేయండని దైవప్రవక్త (స) ఆదేశించారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ముందుగా ఆరిపోయేది పొయ్యి. ఆయన దృష్టి మొదట దాని మీదికే వెళ్ళింది.

సోదర సోదరీమణులారా! ఆశ పలికే కవితను తప్పకుండా పంపండి. మంచి మాట కూడా దానమే. కాని దాన్ని పంపిన చేత్తోనే ఆ ఇంటి తలుపు కూడా తట్టండి. అప్పు గడువు దగ్గరపడిందా, పిల్లల ఫీజు ఆగిందా, రోగికి తోడు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఏమీ ఇవ్వలేకపోతే కాసేపు పక్కన కూర్చోండి, వారి కోసం దుఆ చేయండి.

మన మాటకు మన చేత సాక్ష్యమయ్యే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.