ఒళ్లు చూసుకోవడం స్వార్థమా?

దక్షిణ అండమాన్‌లోని వండూర్ నుంచి శ్రీవిజయపురం, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి పాతిక కిలోమీటర్ల పైనే దారి. పక్షవాతం వచ్చినప్పుడు అంతకంటే పెద్ద అడ్డంకి ఇంట్లోనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ తిన్నాక, అందరి పనులూ అయ్యాక తన సంగతి చూసుకునేదే మంచి ఇల్లాలని మనవాళ్ల నమ్మకం. దానికి ధర్మమని పేరు పెట్టుకున్నాం. పక్షవాతానికి దారితీసే బీపీ 140/90 దాటినా చాలామందికి నొప్పి ఉండదు, పని ఆగదు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవాళ్లకు ముందు ముందు పక్షవాతం ముప్పు ఎక్కువని వైద్యులు అంటారు; ఆ సంగతి బిడ్డ పుట్టగానే మరుగున పడిపోతుంది. బీపీ పెరగకుండా రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఎండుచేపల కూర వండే ఇంట్లో ఆ లెక్క ఎవరు చూస్తారు?

ఆ ధర్మం సంగతే చూద్దాం. కుమారసంభవం కావ్యం ఐదో సర్గలో, రాలిన ఆకులు తినడం కూడా మానేసి తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి శివుడు మారువేషంలో వస్తాడు. ధర్మానికి మొదటి సాధనం శరీరమేనని గుర్తు చేస్తాడు. ఆ మాట ఉపవాసంలో ఉన్న స్త్రీతో అన్నదని మనం మర్చిపోతాం. అయినా పార్వతి తపస్సు ఆపలేదు కదా, ఫలించింది కదా అని అడగవచ్చు. నిజమే. కానీ ఆమె ఏం వదులుకుంటోందో తెలిసి, తన కోరిక కోసం వదులుకుంది. బీపీ మాత్ర మానేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పని ఇల్లాలు మానేసినదాన్ని త్యాగమని ఎలా పొగుడుతాం? తెలియనివ్వకపోవడం ఆమెకు చేసిన అన్యాయం.

ఇక అంతా నుదుటి రాత అనే మాట. కర్మను నమ్మే సిద్ధాంతమే ఇప్పుడు చేసే పనికీ ఫలం ఉందంటుంది. తుఫాను హెచ్చరిక విన్న మత్స్యకారుడు రాతను నమ్మి వేటకు పోడు, పడవ ఒడ్డుకు లాగుతాడు. మూతి వంకరపోవడం, ఒకపక్క చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతానికి అలాంటి హెచ్చరికలే. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చస్తాయి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే, అదీ రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే ఇస్తారు. మాట పడిపోయిన మనిషి తన జబ్బు తాను చెప్పుకోలేదు. అందుకే ఈ తెలివిడి ఇల్లాలు ఒక్కదానికే ఉంటే చాలదు. భర్తకూ కొడుకుకూ ఉండాలి. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది, ఆమె చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకని. జవాబు చెప్పాల్సింది వాళ్లే.