శిక్ష ముగిస్తే తప్పు ముగిసినట్టేనా?

మొన్న మా పి.టి. సార్ నన్ను పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. "నీ ఏడాది అయిపోయింది కదా, ఈసారి సైకిల్ పందేనికి పేరు రాసుకో" అన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, బస్సులో తమిళం మాట్లాడే పిల్లలం మేము. ప్లస్ ఒన్‌కు రాగానే మాకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. ఆ ఏడు ఆటల పండుగకు ఒక పందెం పెట్టారు. బడి నుంచి బయలుదేరి చెరువుకట్ట చుట్టి మళ్ళీ బడికి రావాలి. నేను కట్ట దాకా పోనేలేదు. నడుమ ఒక అవ్వ రాగిచేను ఉంది. దాంట్లో అడ్డంగా సైకిల్ తోలి, చింతచెట్ల వెనక నుంచి రోడ్డెక్కి, అందరికంటే ముందు వచ్చాను. బహుమతిగా స్టీలు క్యారియర్ ఇచ్చారు. అమ్మ దాన్ని షోకేసులో పెట్టింది.

మరునాడు ఆ అవ్వ బడికి వచ్చింది. ఆమెకు పందెం సంగతే తెలీదు. కంకి వేసే రాగి నలిగిపోయిందని చెప్పుకోవడానికి వచ్చింది. నన్ను చూసి "ఈ పిల్లోడే సార్, నా చేన్లో సైకిల్ తోలుకోని పోయినోడు" అంది. నేను వెంటనే "లేదు సార్, అవ్వకు కళ్ళు సరిగ్గా కనపడవు" అన్నాను. అక్కడున్న పిల్లలంతా నవ్వారు. అవ్వ ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు, గట్టు మీద మేకలు కాసే ఇద్దరు పిల్లలు చెప్పడంతో నిజం బయటపడింది. క్యారియర్ రెండో స్థానంలో వచ్చిన అబ్బాయికి పోయింది. ఏడాది పాటు నేను ఏ ఆటలోనూ దిగకూడదన్నారు. ఆటల పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోవాలి. ఒకరోజు సార్ అక్కడికి వచ్చి, "నీకంటే పెద్దోళ్ళు కూడా ఈ పని చేసినారు. దొరికినాక వాళ్ళేం చేసినారో చదువు" అన్నారు. ఫ్రాన్స్ సైకిల్ పందేల గురించి అలా చదవడం మొదలుపెట్టాను.

టూర్ ద ఫ్రాన్స్ అనే పందెం 1903లో మొదలైంది. ఇప్పుడు అది మూడు వారాలు, మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. రెండో ఏడే, అంటే 1904లోనే, మొదటి నాలుగు స్థానాల్లో వచ్చినవాళ్ళను తీసేశారు. కొందరు రైలెక్కి పోయారని కూడా ఆరోపణలు వచ్చాయి. మొదట వచ్చిన మోరిస్ గారాన్‌కు రెండేళ్ళ నిషేధం. ఐదో స్థానంలో ఉన్న ఆన్రీ కోర్నే అనే కుర్రవాణ్ణి విజేతగా ప్రకటించారు. పందెం నాటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. అది చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి.

తర్వాతి కాలంలో అడ్డదారి శరీరం లోపలికి వచ్చింది. ఇ.పి.ఓ. అనే హార్మోన్‌ను మన మూత్రపిండాలే తయారు చేస్తాయి. ఎర్ర రక్తకణాలను పెంచమని అది ఎముకల లోపలి మజ్జకు చెబుతుంది. రక్తహీనత ఉన్న రోగులకు దాన్ని మందుగా ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఆటగాడు సూది వేసుకుంటే రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి పెరిగి, కొండలెక్కేటప్పుడు త్వరగా అలసిపోడు. కానీ రక్తం చిక్కబడి గుండెకు ప్రమాదం వస్తుంది. 1990ల నుంచి చాలామంది సైక్లిస్టులు ఈ దారి పట్టారు.

మందు వేసుకోవడం తప్పని మనందరికీ తెలుసు, అందులో చర్చ లేదు. దొరికిన తర్వాత మనిషి ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

అమెరికాకు చెందిన ఫ్లాయిడ్ లాండిస్ 2006లో టూర్ గెలిచాడు. పరీక్షలో టెస్టోస్టిరాన్ బయటపడింది. నేను అమాయకుణ్ణి అన్నాడు, పుస్తకం రాశాడు, కేసు నడపడానికి అభిమానుల దగ్గర చందాలు వసూలు చేశాడు. నాలుగేళ్ళ తర్వాత, 2010లో, మందు వాడిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. చందా ఇచ్చినవాళ్ళకు సుమారు 4,78,000 డాలర్లు తిరిగి చెల్లించడానికి 2012లో అంగీకరించాల్సి వచ్చింది. మొదటి తప్పు మందు వేసుకోవడం. దాన్ని దాచడానికి, తనను నమ్మినవాళ్ళ జేబులోంచే డబ్బు తీసుకోవడం రెండోది. నాకు రెండోదే ఘోరంగా కనిపించింది.

లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు గెలిచాడు. 2012లో ఆ ఏడూ తీసేసి జీవితకాల నిషేధం వేశారు. 2013 జనవరిలో టీవీలో ఓప్రా విన్‌ఫ్రే ముందు ఒప్పుకున్నాడు. కానీ మోసం అన్న మాటకు అర్థం నిఘంటువులో చూశానని, ఇతరులకు లేని లాభం తాను పొందినట్టు అప్పట్లో అనిపించలేదని చెప్పాడు. అంటే, అందరూ చేశారు కాబట్టి మోసం కాదని అనుకున్నాడు.

ఈ మాట మనం కూడా వాడతాం. పరీక్షలో చీటీ దొరికితే "నేనొక్కణ్ణేనా సార్?" అంటాం. కానీ 1999 టూర్‌లో క్రిస్టోఫ్ బాసోన్స్ అనే ఫ్రెంచ్ ఆటగాడు ఉన్నాడు. మందు ముట్టనివాడు. పందెంలో మందుల వాడకం గురించి పత్రికలో బాహాటంగా రాశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ పందెం మధ్యలోనే అతని పక్కకు వచ్చి, ఇలా మాట్లాడేవాడివి ఈ ఆట వదిలి పోవడం మంచిదన్నాడు. తోటివాళ్ళూ వెలివేసినట్టు చూశారు. చివరికి బాసోన్స్ పందెం మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయాడు. మంచివాణ్ణి బయటికి తోసేసి, తర్వాత "అందరూ చేశారు" అనడం ఎంత సులభం!

ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో ఎమ్మా ఓ'రైలీ అని ఒకామె ఉండేది. ఆటగాళ్ళ కాళ్ళకు మర్దనా చేయడం ఆమె ఉద్యోగం. తాను చూసింది చెప్పినందుకు ఆమె గురించి నీచంగా మాట్లాడి పరువు తీశాడు. ఏళ్ళ తర్వాత ఆమెను కలిసి క్షమాపణ చెప్పాడు. ఈ భాగం చదివాక నేను పుస్తకం మూసేశాను. నాకు అవ్వ గుర్తుకొచ్చింది.

అయితే దొరికిన ప్రతివాడూ ఒప్పుకోవాల్సిందేనా? స్పెయిన్‌కు చెందిన ఆల్బెర్టో కాంటడోర్ మూత్రనమూనాలో 2010లో క్లెన్‌బ్యుటెరాల్ చాలా కొద్దిగా కనిపించింది. తిన్న మాంసంలో కలిసి ఉంటుందని ఆయన వాదించాడు. 2012లో రెండేళ్ళ నిషేధం వేశారు, 2010 టూర్ గెలుపు తీసేశారు. ఆయన మాత్రం తప్పు చేయలేదనే చెబుతూ వచ్చాడు. నిజంగా చేయలేదని నమ్మేవాడి చేత "చేశాను" అనిపించడం కూడా అబద్ధం చెప్పించడమే కదా. కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టలేం. తాను ఏం చేశాడో ఎవరికి వారికే తెలుసు. నాకు మాత్రం అలాంటి సందేహం ఏమీ లేదు.

ఇంకో కథ పెద్దల కోసం రాస్తున్నాను. ఇటలీకి చెందిన మార్కో పంటానీ 1998లో ఇటలీ పందెం, టూర్ రెండూ గెలిచాడు. 1999లో ఇటలీ పందెం ఇంకో రెండు రోజుల్లో గెలుస్తాడనగా, రక్తంలో ఎర్రకణాల పాలు 50 శాతం పరిమితి దాటిందని బయటికి పంపారు. నిబంధన ప్రకారం అది రెండు వారాల విరామం మాత్రమే. కానీ ఆ అవమానం నుంచి ఆయన తేరుకోలేదు. మత్తుమందుకు బానిసై 2004 ఫిబ్రవరి 14న ఒక హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు. శిక్ష వేసేటప్పుడు తిరిగి రావడానికి ఒక తలుపు తెరిచి ఉంచాలని ఈ కథ చదివాక అనిపించింది. మా సార్ నా కోసం ఆ తలుపు తెరిచే ఉంచారు.

ఆ తలుపులోంచి తిరిగి వచ్చినవాడు బ్రిటన్‌కు చెందిన డేవిడ్ మిల్లర్. 2004లో పోలీసులు అతని ఇల్లు సోదా చేస్తే వాడేసిన సిరంజులు దొరికాయి. ఇ.పి.ఓ. వాడానని ఒప్పుకున్నాడు. రెండేళ్ళ నిషేధం పడింది, 2003 ప్రపంచ టైం ట్రయల్ పతకం పోయింది. 2006లో తిరిగి వచ్చి, మందులకు వ్యతిరేకంగా నిలబడిన జట్టులో చేరాడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఆటగాళ్ళ కమిటీలో పనిచేశాడు. తన పతనం గురించి పుస్తకం రాశాడు. 2012 జూలై 13న టూర్‌లో ఒకరోజు పందెం గెలిచాడు. సరిగ్గా నలభై ఐదేళ్ళ ముందు అదే తేదీన, టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ ఆటగాడు ఉత్ప్రేరక మందులు వేసుకుని, మాన్ వెంటూ కొండ మీద ఎండలో పడి చనిపోయాడు.

ఇదంతా చెబితే నా స్నేహితుడు ఒకడు అన్నాడు: "శిక్ష అనుభవించినావు కదరా, లెక్క సరిపోయింది. ఇంకేం బాకీ?" ఆ మాటలో న్యాయం ఉంది. శిక్ష ముగిసినా జీవితాంతం దొంగ అని పిలుస్తుంటే శిక్షకు కొలత ఎందుకు? బడికి నేను బాకీ లేను. కానీ ఆ ఏడాదిని నేను లైబ్రరీలో ఊరికే కూర్చుని కూడా గడిపేయగలిగాను. రోజులు వాటంతటవే పోయాయి. వాటిలో ఒక్క రోజు కూడా అవ్వకు చేరలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం చేను దగ్గరికి పోయాను. అవ్వ కలుపు తీస్తోంది. చెప్పాల్సింది చెప్పాను. ఆమె తలెత్తకుండానే అంది: "రాగి పోతే పోయిందిలే నాయనా, మళ్ళా పండింది. ఆ పొద్దు అందరూ నవ్వినారు చూడు, అది మాత్రం మర్సిపోలేను." నేను కాసేపు నిలబడి, తర్వాత పక్క సాలులో కూర్చుని చీకటి పడేదాకా కలుపు తీశాను. ఆమె వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు.

నవ్వింది అందరి ముందు. కాబట్టి ఒక్క అవ్వ దగ్గర చెప్పుకుంటే సరిపోదు. ఆ రోజు అక్కడున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, మా అయ్యవార్లు అందరూ చదివేది ఈ పత్రికే. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అవ్వకు కళ్ళు బాగా కనిపిస్తాయి. ఆమె చూసింది నిజం, చెప్పింది నిజం. అబద్ధం చెప్పింది నేను.

కాగితం మీద సంతకం పెట్టి సార్‌కు ఇచ్చాను. ఈసారి చెరువుకట్ట మొత్తం చుట్టి వస్తాను. ఆఖరున వచ్చినా సరే.